ఏడింటికి పచ్చ గుర్తు

ఆమె పోయిందన్న మాట నాకు మొదట చెప్పింది రూతమ్మ ఆంటీ. మా స్త్రీల ప్రార్థన కూటానికి ఆవిడే పెద్ద. ఫోను చేయలేదు. ఢిల్లీ మయూర్ విహార్ ఫేజ్ వన్ నుంచి మా ఫేజ్ త్రీకి ఈ-రిక్షా ఎక్కి తనే వచ్చారు. తలుపు తీయగానే, చెప్పులు విడవకుండానే, "సిస్టర్ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయిందమ్మా. పదింటికి అద్దెకిచ్చిన ఇంటావిడ తలుపు కొడితే పలకలేదట" అన్నారు.

నా ఫోను చేతిలోనే ఉంది. తెరిచి చూశాను. ఏడింటికి వచ్చిన పచ్చ గుర్తు ఇంకా అలాగే ఉంది. పక్కన తొంభై ఆరు అన్న అంకె. దాని కింద ఇంగ్లీషులో ఒక ముక్క, పేషెంటు నిలకడగా ఉన్నారని దానర్థమట.

ఆంటీ నా భుజం మీదుగా తొంగి చూసి, "చూశావా, చివరిదాకా ఎంత నెమ్మదిగా ఉంచాడో దేవుడు!" అన్నారు.

"స్తోత్రం" అన్నాను నేను. అలవాటు కొద్దీ వచ్చేసింది. నా నోటి నుంచి వచ్చిన మాటల్లో వెనక్కి మింగేయాలనిపించినవి రెండే ఉన్నాయి. అందులో ఇది రెండోది. మొదటిది తర్వాత చెబుతాను.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. "జబ్బు పేరూ నా పేరూ ఒక్క వాక్యంలో రాకూడదు, ఊళ్లో చెల్లెలి పిల్లలున్నారు" అని ఒకసారి గట్టిగా చెప్పింది. జబ్బు పేరు రాయక తప్పదు కనుక ఆమె పేరు వదిలేస్తున్నాను. మేమంతా సిస్టర్ అనే పిలిచేవాళ్లం. రేపల్లె వైపు మనిషి. ఇక్కడి ఒక పెద్దాసుపత్రిలో ఊపిరితిత్తుల వార్డులో నర్సు. మా వెనక సందులో, మూడంతస్తుల ఇంటి డాబా మీద ఒంటిగది అద్దెకు తీసుకుని ఉండేది.

ఆమె మనుషుల్ని మెట్లతో కొలిచేది. ఎవరు ఎదురైనా 'బాగున్నారా' అనేది కాదు, "ఎన్ని మెట్లెక్కి ఆగావు?" అనేది. ఆదివారం చర్చి గుమ్మం పక్కన నిలబడి వచ్చేవాళ్ల ముఖాలు కాదు, కాళ్లు చూసేది. ఒకసారి మా పాస్టరు గారిని అందరి ముందూ పట్టుకుంది. "అయ్యగారూ, పోయిన నెల గబగబా ఎక్కారు. ఇవాళ పదకొండో మెట్టు దగ్గర కమ్మీ పట్టుకున్నారు. సోమవారం మా వార్డుకొచ్చి ఎక్స్‌రే తీయించుకోండి." ఆయన నవ్వేశారు. సోమవారం మాత్రం వెళ్లారు.

ఛాతీకి తలకిందులుగా తగిలించుకునే నర్సు గడియారం ఒకటుండేది. డ్యూటీ దిగినా అది తీసేది కాదు. నైటీ మీద కూడా పిన్ను పెట్టుకుని బజారుకొచ్చేది. కూరలవాడు "దీదీ, టైమ్ క్యా హువా?" అంటే గడ్డం ఛాతీకి ఆనించి చూసి చెప్పేది. ఆమె టైము చూసుకుంటుంటే దండం పెడుతున్నట్టుండేది.

ఇక కిటికీలు. ఎవరింటికి వచ్చినా కూర్చునే ముందు కిటికీ తీయాలి. జనవరి చలి అయినా సరే, దీపావళి మర్నాటి పొగ అయినా సరే. "బయటంతా విషం కదా సిస్టర్" అంటే, "బయట పొగ, లోపల దగ్గు. పొగతో నెమ్మదిగా పోతారు, దగ్గుతో తొందరగా పోతారు. మీ ఇష్టం" అనేది. మా ఇంట్లో కూటం జరిగిన ఒక మంగళవారం రూతమ్మ ఆంటీ కళ్లు మూసుకుని దీర్ఘంగా కృతజ్ఞతలు చెల్లిస్తున్నారు. వెనక వరసలో ఎవరో ఆగకుండా దగ్గుతున్నారు. ఈమె చటుక్కున లేచి, "స్తోత్రం తర్వాత చెప్పుకుందాం ఆంటీ, ముందు ఆ కిటికీ తీయనివ్వండి" అంది. ప్రార్థన మధ్యలో. ఆంటీ ఒక కన్ను తెరిచి చూసి మళ్లీ మూసుకున్నారు. ఆ సంగతి మాత్రం మనసులో నుంచి తీసేయలేదు.

ఎవరినైనా మేము 'పాపం' అంటే ఆమెకు ఒళ్లు మండేది. "పాపం అని మీరింట్లో కూర్చుంటే వాళ్ల దుప్పటి ఎవరు మారుస్తారే?" అనేది.

మా ఆయన బతికింది ఆమె వల్ల. కరోనా రెండోసారి ఢిల్లీని ఊడ్చేసిన రోజుల్లో ఆయనకు జ్వరం తగిలింది. ఏ ఆసుపత్రిలోనూ మంచం లేదు. పక్క ఫ్లాటువాళ్లు మా గుమ్మం ముందు నడవడం కూడా మానేశారు. ఆమె రోజూ డ్యూటీ దిగి, మాస్కు మీద మాస్కు వేసుకుని, రెయిన్‌కోటు తొడుక్కుని వచ్చేది. మంచం పక్కన స్టూలు వేసుకుని ఆయన మణికట్టు పట్టుకునేది. గడ్డం కిందికి దించి గడియారం చూస్తూ ఒక నిమిషం కదిలేది కాదు.

"నాడి ఎలా ఉంది సిస్టర్?" అని ఆయన అడిగేవారు.

"గుర్రంలా ఉంది పేషెంటు గారూ. చుప్‌చాప్ పడుకోండి."

బయటికొచ్చాక నాతో మెల్లగా, "ముప్పై రెండు" అంది.

"నాడి ముప్పై రెండా?" అన్నాను హడలిపోయి.

"నాడి కాదే పిచ్చిదానా, ఊపిరి. చెయ్యి పట్టుకునేది నాడి కోసమని ఆయన అనుకోవాలి. నా కళ్లు మాత్రం ఛాతీ మీద ఉంటాయి. నీ ఊపిరి లెక్కపెడుతున్నానని చెప్పి చూస్తే ఎవరి ఊపిరీ నిజం చెప్పదు. ఫోటోకి సర్దుకున్నట్టు సర్దుకుంటుంది."

ఆ సాయంత్రమే ఎక్కడ ఎవరి కాళ్లు పట్టుకుందో గాని ఆక్సిజన్ సిలిండరు ఆటోలో వేసుకొచ్చింది. ఆమె లేనప్పుడు లెక్కపెట్టే పని నాకు అప్పగించింది. "నిమిషం మొత్తం చూడాలి. అరనిమిషం చూసి రెండింతలు చేసే దొంగ లెక్క నా దగ్గర కుదరదు" అంది. నేను బడికి వెళ్లినదాన్ని కాను. మా నాన్న ఇంట్లోనే బైబిలు ముందు పెట్టి, అధ్యాయాల సంఖ్యల మీద వేలుంచి అంకెలు నేర్పారు. ఆ అంకెలు ఒక మనిషి ప్రాణం కోసం వాడింది అదే మొదలు. ముప్పై రెండు ఇరవై ఎనిమిదై, ఇరవై నాలుగై, పద్దెనిమిదికి దిగిన రోజు నేను ఆమె కాళ్ల మీద పడబోతే, "లే, లేచి చాయ్ పెట్టు" అంది. ఆ రోజు దేవునికి చెప్పుకున్న కృతజ్ఞత నేను రోజూ పొద్దున చెప్పుకుంటూనే ఉన్నాను.

పోయిన చలికాలం మొదట్లో ఆమెకే దగ్గు పట్టుకుంది. పరీక్షలు చేశారు. టి.బి., అదీ మామూలు మందులకు లొంగని రకం. వార్డులో ఎవరి మంచం పక్కన తగులుకుందో ఎవరు చెప్పగలరు? "వార్డు ఇంటికి ట్రాన్స్‌ఫర్ అయింది" అని నవ్వుతూ చెప్పింది. ఇంటావిడకు న్యుమోనియా అన్నాం. సంఘంలో ఊపిరితిత్తుల బలహీనత అని ప్రార్థన విన్నపం పెట్టాం.

ఆసుపత్రివాళ్లు ఇంటి దగ్గరే ఉంచి మందులిస్తామన్నారు. చేతికి ఒక బ్యాండు కట్టారు. నల్లటి రబ్బరు పట్టా, మధ్యలో చిన్న అద్దం. రక్తంలో ఆక్సిజన్, నాడి, జ్వరం అదే చూసి ఆసుపత్రి తెర మీదికి పంపుతుందట. ఇంటివాళ్ల ఫోనుకు కూడా వస్తుందట. ఇంటివాళ్లన్న చోట ఆమె నా నంబరు రాయించింది.

"ఇన్నాళ్లకు నా చేతికి గాజు తొడిగారే!" అని చెయ్యి పైకెత్తి చూపించింది. మేము కిటికీ అవతల డాబా మీద కుర్చీలేసుకుని, మాస్కులు పెట్టుకుని కూర్చునేవాళ్లం. ఆమె గది లోపల మంచం మీద. ఆడవాళ్లం వంతులు వేసుకున్నాం. సోమవారం ఒకరు, మంగళవారం ఒకరు. అన్నం క్యారియరు గుమ్మం దగ్గర పెట్టి ఓ గంట కూర్చుని రావాలి. నా వంతు బుధ, శనివారాలు. ఆ గంటలో ఆమె మమ్మల్ని నవ్వించేది. మేము వెళ్లేటప్పుడు మాత్రం, "రేపెవరు?" అని అడిగేది. ప్రతిరోజూ అడిగేది. వంతుల కాగితం ఆమె గోడకే అతికించి ఉన్నా అడిగేది.

రోజూ పొద్దున ఏడింటికి నా ఫోనులో పచ్చ గుర్తు వచ్చేది. తొంభై ఐదు, తొంభై ఆరు. నేను దాన్ని ఫోటో తీసి మా కూటం గ్రూపులో పెట్టేదాన్ని. వరుసగా 'స్తోత్రం', 'స్తోత్రం', చేతులు జోడించిన బొమ్మలు. మూడో వారానికి, "పచ్చగానే ఉందిగా, ఇవాళ నేను వెళ్లకపోయినా పరవాలేదేమో" అని ఒకరు రాశారు. తర్వాత ఇంకొకరు. ఎవరినీ తప్పుపట్టను. ఇళ్లల్లో పిల్లలున్నారు, అందరికీ లోపల భయం ఉంది, ఆ భయానికి పచ్చ గుర్తు మర్యాదైన కారణం ఇచ్చింది.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఎవరి కోసమైనా విన్నపం పెడితే, మేలు జరిగాక ఆదివారం లేచి సాక్ష్యం చెప్పాలి. సాక్ష్యం చెప్పాక ఆ పేరు విన్నపాల పుస్తకంలో కొట్టేస్తారు. అదే పేరు, అదే జబ్బు మళ్లీ రాయిస్తే, దేవుడిచ్చిన మేలును ఆయన ముఖం మీదే విసిరినట్టని ఒక భయం. ఏ వాక్యంలోనూ నేను ఆ మాట చదవలేదు. అయినా నాకూ ఆ భయం ఉండేది.

నెల రోజులు వరుసగా పచ్చ గుర్తులు వచ్చాక రూతమ్మ ఆంటీ, "ఇంకా ఎప్పుడమ్మా? మేలు పొందీ నోరు విప్పకపోతే ఎలా?" అన్నారు. ఆ ఆదివారం లేచి నిలబడ్డాను. మా ఆయన ప్రాణం నిలబెట్టిన సిస్టర్‌ను దేవుడు స్వస్థపరిచాడని చెప్పాను. ఫోను పైకెత్తి పచ్చ గుర్తు చూపించాను. నేను చెప్పిన మొదటి మాట అది, వెనక్కి మింగేయాల్సింది. చర్చి చర్చంతా చప్పట్లు కొట్టింది. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో.

చర్చి నుంచి తిన్నగా ఆమె దగ్గరికే వెళ్లి చెప్పాను. కిటికీ లోపల ఆమె కమలాపండు ఒలుస్తోంది. చెయ్యి ఆగిపోయింది.

"సాక్ష్యం చెప్పేశావా?"

"చెప్పాను సిస్టర్. ఎంత సంతోషించారో!"

"అంత తొందరేమొచ్చిందే?"

ఆమె నా ముఖం చాలాసేపు చూసింది. నా ముఖంలో ఇంకా ఆ ఏడుపు తడి ఉందేమో. తొన ఒకటి తీసి నోట్లో వేసుకుని, "సరేలే. చెప్పేశావుగా. నిన్ను అబద్ధాలకోరుని చెయ్యకుండా చూసుకుంటాలే" అంది నవ్వుతూ. నేనూ నవ్వాను. వెళ్లేటప్పుడు ఆ రోజు 'రేపెవరు?' అని అడగలేదు. అడగలేదన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

వంతుల కాగితం ఆగిపోయింది. స్వస్థత పొందిన మనిషి దగ్గర కాపలా ఏమిటి? క్యారియరు ఇంటావిడ పనిమనిషి పైకి చేర్చేది. నేను వారానికొకసారి వెళ్లాను, తర్వాత అదీ తగ్గింది. చివరి వారంలో ఒక మధ్యాహ్నం సిస్టర్ ఫోను చేసింది.

"ఏమే, తీరికుందా? ఓసారి పైకొస్తావా?"

"ఏమైంది సిస్టర్?"

"ఏం లేదు. బాత్రూముకెళ్లొస్తే ఆయాసంగా ఉంటోంది. నువ్వొచ్చి ఓ నిమిషం కూర్చుంటే..." ఆగింది. ఆ ఆగడంలో ఊపిరి తీసుకుంటోంది. "నిమిషం మొత్తం" అంది.

ఆమె ఏమడుగుతోందో నాకు అర్థం కావాలి. ప్రపంచంలో అది అర్థం కావాల్సినదాన్ని నేనొక్కదాన్నే. నేనేం చేశానంటే, ఫోను చెవి దగ్గర నుంచి తీసి ఆ పొద్దుటి గుర్తు చూశాను. "పచ్చగానే ఉంది సిస్టర్. తొంభై ఆరు."

"అవునే. నీకలాగే కనబడుతుంది" అని పెట్టేసింది.

మనసు ఒప్పక రూతమ్మ ఆంటీకి ఫోను చేసి, మంగళవారం మళ్లీ విన్నపం పెడదామా అని అడిగాను.

"సాక్ష్యం చెప్పి నెల తిరగలేదు, మళ్లీ విన్నపమా? వినేవాళ్లు ఏమనుకుంటారు? అవిశ్వాసం కాదూ? మిషనే చెబుతోందిగా బాగుందని!"

విన్నపం మాట వదిలేశాను. ఆమె గదికి ఆ మధ్యాహ్నం వెళ్లలేదు, మర్నాడూ వెళ్లలేదు. భయం వల్ల. జబ్బంటే కొంత. వెళ్లి చూస్తే నా సాక్ష్యం ఏమవుతుందోనన్నది ఎక్కువ. మూడో రోజు రూతమ్మ ఆంటీ ఈ-రిక్షా దిగి వచ్చారు.

సమాధి కార్యక్రమం అయిన రెండు రోజులకు బ్యాండు తీసుకెళ్లడానికి ఆసుపత్రి నుంచి ఒక అమ్మాయి వచ్చింది. సంతకం కోసం నన్ను పిలిచారు. ఆమె గదిలో మంచం మీద పరుపు తీసేశారు. కిటికీ తెరిచే ఉంది. "ఆంటీ, మైఁ భీ తెలుగు హూఁ. సమఝ్‌తీ హూఁ, బోల్నా నహీ ఆతా" అంది ఆ అమ్మాయి సిగ్గుపడుతూ. తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడడం రాదట. నేను తెలుగులో అడిగాను, ఆమె హిందీలో చెప్పింది.

తొంభై ఆరున్న మనిషి మూడు గంటల్లో ఎలా పోయిందని అడిగాను. ఆ అమ్మాయి తన ట్యాబులో గీతలు చూపించింది. మొదటి నెలంతా పగలూ రాత్రీ గీత ఉంది. ఆ తర్వాత రోజుకు ఒక్క ముక్క. పొద్దున ఆరున్నర నుంచి ఏడున్నర దాకా, అంతే. మిగతా ఇరవై మూడు గంటలూ ఖాళీ. గీత తెగిపోయిన తేదీ చూశాను. నేను సాక్ష్యం చెప్పిన ఆదివారం.

"బ్యాండు తీసేస్తే మీకు తెలియదా?"

"రీడింగ్ ఖరాబ్ ఆయే తో అలర్ట్ ఆతా హై ఆంటీ. రీడింగ్ హీ న ఆయే తో నహీ ఆతా." అంకె చెడ్డదైతే గంట మోగుతుంది, అంకే లేకపోతే మోగదు. ఆ సంగతి ఇరవై ఏళ్లపైగా వార్డులో చేసిన మనిషికి తెలియకుండా ఉంటుందా?

గుమ్మంలో నిలబడిన ఇంటావిడ అప్పుడు నోరు విప్పింది. పంజాబీ మనిషి, పెద్ద గొంతు, ఆ రోజు మాత్రం మెల్లగా మాట్లాడింది. రోజూ పొద్దున తను బట్టలు ఆరేయడానికి డాబా మీదికొచ్చేసరికి సిస్టర్ కిటికీ పక్క కుర్చీలో నిటారుగా కూర్చుని ఉండేదట. వేడి టీ గ్లాసు రెండు చేతుల మధ్య పట్టుకుని, చేతులు వెచ్చబెట్టుకుంటూ, పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా ఊపిరి వదులుతూ. పలకరిస్తే వేలు పైకెత్తి ఆగమనేదట. అయ్యాక బ్యాండు విప్పి గూట్లో పెట్టి, గోడ పట్టుకుని మంచం దాకా వెళ్లి పడిపోయేదట.

"మైఁనే పూఛా, దీదీ యే క్యా హై? బోలీ, మేరీ గవాహీ కా టైమ్ హై."

గవాహీ అంటే సాక్ష్యం. ఇదేమిటని అడిగితే, నా సాక్ష్యం వేళ అందట. ఇంటావిడకు అది ఏదో పూజ అనిపించిందట. మీ ధర్మంలో ఉంటుందేమో అనుకున్నానంది.

ఎవరి ఊపిరైనా సరే, దొంగచాటుగా చూసి నిజం లాగేసిన మనిషి, నా కోసం తన ఊపిరిని రోజుకు గంటసేపు ఫోటోకి కూర్చోబెట్టింది. ఆ వెచ్చటి చేతులూ, ఆ నెమ్మది ఊపిరీ అంకెను తొంభై ఆరుకు ఎక్కించడానికే. ఆమె కోపంతో చేసిందా, ప్రేమతో చేసిందా అని నేను ఇప్పటికీ ప్రార్థనలో అడుగుతూనే ఉన్నాను. రెండూ కాదేమో. నా మాట పోనివ్వకూడదనుకుందేమో. మందులు పనిచేయడం లేదని ఆమెకు ముందే తెలిసి ఉంటుంది. అయినా ఇంకో వార్డు, ఇంకో మందు, నాలుగు రోజులు ఎక్కువ ఉండేవి కదా. ఉండేవో లేదో నాకు తెలియదు. ఆ నాలుగు రోజులూ నా నోటి మాటకు ఖర్చయిపోయాయి.

జ్ఞాపకార్థ కూటంలో రూతమ్మ ఆంటీ, సిస్టర్ చివరి రోజు దాకా ఆరోగ్యంగా ఉండి ప్రశాంతంగా నిద్రించిందని చెప్పారు. నేను లేచాను. "ఆ ఆదివారం నేను చెప్పిన సాక్ష్యం నిజం కాదు. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాను.

పాస్టరు గారు గొంతు సవరించుకుని, "అలా వెనక్కి తీసుకునే పద్ధతి లేదమ్మా. కూర్చో" అన్నారు. ఆయన నిర్దయతో అనలేదు. నిజంగానే అలాంటి పద్ధతి మాకు లేదు. పాట ఎత్తుకున్నారు. రూతమ్మ ఆంటీ నా చెయ్యి పట్టి కూర్చోబెట్టి నీళ్ల సీసా ఇచ్చారు. దేవునికి నేనిప్పుడు కూడా రోజూ కృతజ్ఞతలు చెబుతున్నాను, ఆమెను నాకిచ్చినందుకు. ఆ మాట చెబుతుంటే నోరు చేదుగా ఉంటోంది. ఆయనకు తెలుసు.

ఆ రోజు గదిలో ఆసుపత్రి అమ్మాయి బ్యాండును మందు నీళ్లతో తుడిచి ప్లాస్టిక్ సంచిలో వేసుకుంటుంటే, ఇది ఇప్పుడెక్కడికి వెళుతుందని అడిగాను. తర్వాతి పేషెంటుకంది. ఎవరని అడిగాను. "నామ్ నహీ బతా సక్తే ఆంటీ." పేరు చెప్పకూడదట. ఒక్కసారి మెట్ల వైపు చూసి, గొంతు తగ్గించి, "అకేలే హైఁ" అంది. ఒంటరి మనిషట. ఆడో మగో కూడా చెప్పలేదు.

సిస్టర్ కోసం ప్రార్థించమని నేను మిమ్మల్ని అడగడం లేదు. ఆమెకు ఇప్పుడు మన అవసరం లేదు, ఉన్నప్పుడు మనం వెళ్లలేదు. కానీ ఈ ఊళ్లోనే ఎక్కడో ఒక గదిలో ఆ నల్ల రబ్బరు పట్టా ఇప్పుడు ఇంకొకరి చేతికి ఉంది. ఎవరి ఫోనులోనో ఆ మనిషి పచ్చగా కనబడుతూ ఉండి ఉంటారు. ఆ ఇల్లు మీకు తెలిస్తే నాకు చెప్పండి, నేను వెళతాను. తెలియకపోయినా, ఈ పూట మోకరించినప్పుడు పేరు లేకుండానే ఆ ఒక్కరిని జ్ఞాపకం చేసుకోండి.